గడ్డిమేటు వెనకాల దిగాను

నా యాభై మూడేళ్ళలో నేను పరిగెత్తిందల్లా బస్సుల కోసమే. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. పోస్టుమాస్టరుగా రిటైరైన మా ఆయనకి కిడ్నీలు పాడయ్యాక అదీ మానేశాను. సోమవారం, గురువారం పాలకొల్లు వెళ్ళి, అక్కడ బస్సు మారి భీమవరంలో డయాలసిస్‌కి తీసుకెళ్ళడం, మళ్ళీ తీసుకురావడం. రెండేళ్ళుగా ఇదే నా ఉద్యోగం.

ఒక గురువారం తిరిగొస్తుంటే బస్సులో ఆయన నెమ్మదిగా అన్నారు, "ఈ సోమవారం నుంచి నేను రానే. చాలింక."

ఏడ్చాను, తిట్టాను, బతిమాలాను. ఆయన వినలేదు. డాక్టరు ముందే చెప్పారు, మానేస్తే ఎన్నో రోజులు ఉండరని.

మర్నాడు లైబ్రరీ కమిటీ వాళ్ళొచ్చారు. డయాలసిస్ పేషెంట్లని భీమవరం తిప్పడానికి వ్యాను కొనాలని ఆదివారం పరుగు పందెం పెట్టారు. ఐదు కిలోమీటర్లు. స్కూలు దగ్గర మొదలై, కాలవ గట్టున లాకుల దాకా వెళ్ళి, అక్కడ దాటి, అవతలి గట్టున వచ్చి, వంతెన మీంచి మళ్ళీ స్కూలుకే. మా ఆయన్ని స్కూలు ముందు గట్టున కుర్చీలో కూర్చోబెట్టి మెడల్స్ ఇప్పిస్తారట.

"మన ఊళ్ళో ఎవరు పరిగెడతారండీ!" అన్నారీయన.

నాకు ఒళ్ళు మండింది. "నేను పరిగెడతాను. పూర్తి చేస్తే సోమవారం మీరు నోరు మూసుకుని బస్సెక్కాలి" అన్నాను.

ఆయన నవ్వారు. ఆ నవ్వు చూసి ఎన్ని నెలలైందో. "సరే. మధ్యలో ఏ బండి ఎక్కినా పందెం నాదే. మళ్ళీ నన్ను అడగకూడదు" అన్నారు.

ఆదివారం పొద్దున్నే రెండు జతల మేజోళ్ళ మీద ఆయన వాకింగ్ బూట్లు తొడుక్కుని బయల్దేరాను. ఒక కిలోమీటరు కాకముందే అందరూ నన్ను దాటి వెళ్ళిపోయారు. అసలు కష్టం పరుగు కాదు, మా వాళ్ళ మర్యాద. పరిగెత్తుతున్న ఆడమనిషిని ఊరికే వదలరు కదా.

"ఏంటండీ టీచరుగారూ, పోస్టుమాస్టరుగారికి ఏమైనా అయిందా?" అని గేదెని తోలుకెళుతున్నాయన అడిగారు. ఆగి, ఏం కాలేదండీ, పందెమండీ అని చెప్పాను. ఇంకో ఇంటావిడ కాఫీ తాగితే గానీ కదలనివ్వనంది. జవాబు చెప్పకుండా పోతే బాగుండదు. అలా అందరికీ చెప్పుకుంటూ లాకులు దాటేసరికి మోకాళ్ళు నావి కాకుండా పోయాయి.

అప్పుడు వెనక నుంచి మా వీధికి పాలు పోసే ఆయన బండి ఆపారు. "ఎక్కండి టీచరుగారూ, స్కూలు దగ్గర దింపేస్తాను."

"వద్దండీ."

"ఈ వయసులో మీకెందుకండీ ఇదంతా? అక్కడ అయ్యగారు ఎండలో కూర్చుని మీకోసం చూస్తున్నారు."

ఎక్కేశాను. సిగ్గుపడాల్సింది పోయి, క్యాన్లు పట్టుకుని కూర్చుంటే ఎంత హాయిగా ఉందో. ఈ రెండేళ్ళలో నన్ను ఒకరు ఎక్కడికైనా తీసుకెళ్ళడం అదే మొదటిసారి. కళ్ళ నీళ్ళొచ్చాయి.

వంతెన ఇంకాస్త దూరం ఉందనగా గడ్డిమేటు ఒకటుంది. దాని వెనకాల, కాలవ వైపు ఆపించి దిగాను. రోడ్డు మీద ఎవరూ లేరని చూసుకుని, కుంటుకుంటూ పరిగెత్తాను. ఆయన కుర్చీలోంచి కష్టపడి లేచి నా మెడలో మెడల్ వేశారు. నేను తల ఎత్తలేకపోయాను.

సోమవారం నాకంటే ముందే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఆస్పత్రిలో పక్క మంచం ఆయనతో "మా ఆవిడ ఐదు కిలోమీటర్లు పరిగెత్తింది తెలుసాండీ!" అంటుంటే నాకు ముళ్ళ మీద కూర్చున్నట్టుండేది. వెళ్ళిన ప్రతిసారీ అదే మాట. నెలన్నర మోశాను. అన్నిటికీ ఓపిక తెచ్చుకున్నాను గానీ దీనికి ఇక ఓపిక లేకపోయింది.

ఒక సాయంత్రం బస్సులో చెప్పేశాను. "ఆ పందెం నేను గెలవలేదండీ. పాలాయన బండెక్కాను."

"తెలుసు" అన్నారు, కిటికీలోంచి చూస్తూనే. "గడ్డిమేటు రోడ్డు మీద వాళ్ళకి అడ్డం గానీ, కాలవకి ఇవతల కూర్చున్నవాడికి అడ్డమేంటి?"

కోపం ఆగలేదు నాకు. "మరి అప్పుడే అనొచ్చు కదా!"

"అంటే పందెం నాదైపోతుంది. ఇక సోమవారం రాకుండా ఉండాలి కదే."

అని కళ్ళు మూసుకుని నా భుజం మీద తల వాల్చారు. బరువుగానే ఉంది. మా ఊరొచ్చేదాకా కదలకుండా కూర్చున్నాను.