మూల స్తంభం కింద మా అత్త బండ

మీ ఇష్టం... నమ్మితే నమ్మండి, లేకుంటే లేదు. నేను మేస్త్రిని. ఇన్నేళ్లుగా నాకు అన్నం పెడుతున్నది తాపీ. ఆ తాపీ మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇది నాకు జరిగింది. ఎవరో చెబితే విన్నది కాదు. తాగి ఉన్నానని కూడా అనకండి, ఆ రాత్రి చుక్క ముట్టలేదు. అబద్ధం చెప్పడం నాకు రాదని కాదు. వచ్చు. బాగా వచ్చు. నా అబద్ధం గురించే ఇదంతా. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు... పడనీ.

మన మెదక్‌లో చెరువు పక్కన ఫంక్షన్ హాలు ఉంది కదా. ఇప్పుడంటే అద్దాలు, ఏసీలు. అప్పట్లో అది రేకుల షెడ్డుకు కాస్త పెద్దన్న, అంతే. తెలంగాణ ఉద్యమం జోరు మీద ఉన్న రోజులు. ఈ రోజు రాస్తారోకో, రేపు బంద్, ఎల్లుండి రోడ్డు మీదే వంటావార్పు. సరిగ్గా అలాంటప్పుడు హాలు ఓనరుకు హాలు పెంచాలని బుద్ధి పుట్టింది. హైదరాబాద్‌లో ఎక్కడో చూసి వచ్చాడు. చెరువు వైపుకు జరిపి పెద్ద భోజనాల హాలు కట్టాలి, చుట్టూ అద్దాలుండాలి, జనం తింటుంటే నీళ్లు కనబడాలి. "ఇగ ఫంక్షన్ హాల్ అనకుండ్రి. కన్వెన్షన్ సెంటర్ అనాలె" అని మాకు పాఠం చెప్పేవాడు. "ఏదైతేంది సార్, పెట్టేది బగారన్నమే గద" అని మా కూలీలు నవ్వేవారు.

ఆ హాలు జరగాల్సిన చోట మా చాకిరేవు ఉండేది.

మాది బట్టలు ఉతికే కుటుంబం. నేను మేస్త్రి పనిలో పడ్డాను గానీ, మా మేనత్త లచ్చవ్వ ఆ రేవునే నమ్ముకుని బతికింది. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను సాకింది అత్తే. రేవులో ఇంటికో బండ ఉండేది. మా ఇంటి బండ నల్లటిది. మా ముత్తవ్వ కాలం నుంచి ఉతికి ఉతికి, నడుమ గిన్నెలా గుంట పడింది. పొద్దున బండ దగ్గరికి పోగానే దోసెడు నీళ్లు దాని మీద చల్లి, ఆ తడి కళ్లకు అద్దుకోవాలి. ఆ తర్వాతే మొదటి బట్ట. ఎంత తొందరున్నా, ఒంట్లో జ్వరమున్నా అత్త అది తప్పించలేదు. నన్ను ఆ గుంటలోనే కూర్చోబెట్టి స్నానం పోసేది.

ఇంకొక సంగతి. దీన్ని మరిచిపోకండి. అత్త కుడి భుజం ఎప్పుడో జారి, సరిగ్గా అతకలేదు. అందుకని రెండు దెబ్బలు కొట్టి ఆగేది. భుజం సర్దుకునేది. అప్పుడు మూడో దెబ్బ. థప్... థప్... ... థప్. రేవులో పదిమంది ఉతుకుతున్నా సరే, అందులో మా అత్త ఉందో లేదో నేను కట్ట మీద నుంచే చెప్పేవాణ్ణి.

పని మొదలుపెట్టిన రోజు అత్త వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

"బిడ్డా, రేవు పోతే పోనీ. అది మన చేతుల్ల ఉన్నదా? నా బండ మాత్రం జర పక్కకు పెట్టియ్యి రా. ఇంటికాడ నల్లా పక్కన ఏసుకుంట. బండ ఉంటె నాలుగిండ్ల బట్టలు ఉతుక్కోని బతుకుత. ఒకల దిక్కు చూడను."

"గింత దానికి బతిలాడుతవా అత్తా? ట్రాక్టర్ల ఏసి ఇంటికి పంపిస్త."

"నీ మాట మీద ఉంట మరి" అని వెళ్లిపోయింది.

అప్పటికప్పుడు సున్నం తెప్పించి బండ మీద గుండ్రంగా గుర్తు పెట్టాను. దీన్ని ముట్టొద్దని కూలీలందరికీ చెప్పాను. అంతవరకు నేను మంచివాణ్ణే.

చెరువు వైపు మూల స్తంభానికి గుంత తవ్వాం. ఎంత తవ్వినా ఒండ్రే. అలాంటి నేలలో అడుగున పెద్ద పెద్ద రాళ్లు పరిస్తే తప్ప కాంక్రీటు నిలవదు. రాళ్ల లారీ నర్సాపూర్ వైపు నుంచి రావాలి. ఆ వారం మూడు రోజుల బంద్. లారీ ఎక్కడిదక్కడే ఆగిపోయింది. పైన చూస్తే నల్లగా మబ్బు. వాన పడితే గుంత కూలుతుంది, చేసిన పనంతా చెరువు పాలు, నా మేస్త్రితనం దానితో పాటే. కాంట్రాక్టర్ ఫోన్లో ఒకటే అరుపు. "రాళ్లు లేవంటె ఏంది? ఏదో ఒకటి ఎయ్యి! పొద్దూకే వరకు కాంక్రీటు పడాలె!"

రేవు పని వదిలి హైదరాబాద్ పోయినవాళ్ల బండలు రేవులోనే ఉన్నాయి. వాటిని ముందే గుంతలో వేశాం. ఇంకా జాగా మిగిలింది. ఒక్క బండ పట్టేంత జాగా.

కూలీ మల్లేశం గడ్డపార పట్టుకుని సున్నం గుర్తు దగ్గర ఆగాడు. "మేస్త్రీ, గిది ముట్టొద్దంటివి గద?"

నేను తడి గోనెసంచి తీసుకున్నాను. ఆ గుర్తును నేనే తుడిచాను. నా చేత్తో. "గుర్తేడున్నది?" అన్నాను.

మల్లేశం నా మొహం చూసి, బండ కింద గడ్డపార దించాడు. నలుగురు కలిసి దొర్లించారు. నడుమ గుంట పైకి ఉండేలా పడింది బండ. దాని మీద కాంక్రీటు పోశాం.

ఆ సాయంత్రం వాన రాలేదు. ఆ వారమంతా రాలేదు.

అత్త అడిగితే "సిమెంటు షెడ్డు ఎనక పెట్టిన అత్తా, పనైనంక పంపిస్త" అన్నాను. అంగడి రోజు వచ్చిందంటే చాలు, అటే వచ్చి అడిగి పోయేది. షెడ్డు వెనక్కి వెళ్లి చూసిందా అంటే, ఎన్నడూ చూడలేదు. మేనల్లుడి మాట మీద అనుమానమా? నేను ఒక షాబాద్ బండ తెచ్చి నల్లా పక్కన వేశాను, అందాకా దీని మీద ఉతుక్కోమని. అది నున్నటి బండ. బట్ట జారిపోతుంది. నాలుగో రోజుకే రెండు ముక్కలైంది. ఆమెకు బట్టలు వేసే ఇళ్లు ఒక్కొక్కటే తప్పిపోయాయి. గడపలో కూర్చుని తన అరచేతులు తనే చూసుకునేది. అది చూస్తూ కూడా నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

ఇక ఆ రాత్రి...

భోజనాల హాలు నేల పోసి రెండో రోజు. కొత్త కాంక్రీటు నీళ్లు తాగాలి. చుట్టూ మట్టి గట్లు కట్టి, వరి మడుల్లాగా నీళ్లు నిలబెడతాం. పగలంతా కరెంటు కోత, మోటారు నడవాలంటే రాత్రే దిక్కు. నీళ్లు పట్టే వాచ్‌మన్ బంద్‌లో చిక్కి శంకరంపేటలో ఉండిపోయాడు. సరే, నేనే పోయాను.

గోడలు ఇంకా లేవలేదు. స్తంభాలు, పైన స్లాబు, కింద నేల, మూడు దిక్కులా చెరువు. మోటారు వేసి, పైపు పట్టుకుని ఒక్కో మడి నింపుకుంటూ వస్తున్నాను. చివరిది మూల స్తంభం దగ్గరి మడి. అది నిండుతుండగా కరెంటు పోయింది.

మోటారు ఆగింది. పైపులో నీళ్లు గుటగుటమని ఆగాయి. కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి. చెరువులో కప్పలు. ఎక్కడో ఒక కుక్క.

కాసేపటికి... కప్పలు కూడా ఆగాయి.

థప్.

పైపు జారి పడిందనుకున్నాను. పైపు నా చేతిలోనే ఉంది.

థప్.

ఆగింది... నేను లెక్కపెట్టడం లేదు, నా ఒళ్లే లెక్కపెడుతోంది. ఎంతసేపు ఆగాలో నాకు తెలుసు. భుజం సర్దుకునేంతసేపు. వద్దు, ఇక రావద్దు అనుకుంటున్నాను...

థప్.

చెరువు వైపు నుంచి కాదు. కట్ట మీద నుంచి కాదు. కింద నుంచి. నా అరికాళ్లకు తగిలింది ఆ దెబ్బ.

ఫోన్ టార్చి వేశాను. గాలి లేదు. మడిలో నీళ్లు కదలడానికి ఏ కారణమూ లేదు. కానీ స్తంభం మొదట్లో... నీళ్ల మీద చిన్న ఉంగరం లేచింది. మెల్లగా పెద్దదైంది. నా కాలి వేళ్ల దాకా వచ్చి తాకింది. థప్. ఇంకో ఉంగరం. పక్క మడి మీదికి వెలుగు తిప్పాను. అక్కడ నీళ్లు అద్దంలా నిలిచి ఉన్నాయి. ఈ ఒక్క మడిలోనే...

ఆ తర్వాత వాసన. సౌడు వాసన. సౌడు మట్టితో బట్టలు ఉడకబెట్టే వాసన. సబ్బు బిళ్లలు వచ్చాక ఈ ఊళ్లో ఆ వాసన ఎవరికీ తగిలి ఉండదు. ప్రతి దెబ్బకు ముందు సన్నగా ఊపిరి... హుష్... బట్ట ఎత్తేటప్పుడు వదిలే ఊపిరి.

"అత్తా..." అన్నాను. ఎందుకన్నానో నాకు తెలియదు. నోరు దానంతటదే అన్నది.

చప్పుడు ఆగింది.

ఎలా ఆగిందంటే... పని అయిపోయి ఆగినట్టు కాదు. ఎవరో పిలిస్తే, బట్ట అలాగే చేతిలో పట్టుకుని వింటున్నట్టు ఆగింది. నేను ఏం చెబుతానో అని. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఏముంటుంది? చెప్పలేదు. పైపు పారేసి ఉరికాను. చెప్పు ఒకటి అక్కడే పోయింది.

రోడ్డు మీద దీక్షా శిబిరం ఉంది. టెంటు కింద పడుకున్నవాళ్లు లేచారు. "ఏమైందన్నా? పోలీసోళ్లా?" అని అడిగారు.

"పాము... ఇంత పొడుగు పాము" అన్నాను. చూశారా, అప్పుడు కూడా అబద్ధమే.

తెల్లవారగానే అత్త ఇంటికి పోయాను. దారంతా ఒకటే భయం, ముసల్ది రాత్రే పోయిందేమోనని. లేదు. బతికే ఉంది. గడపలో కూర్చుని చేతులకు కొబ్బరినూనె రాసుకుంటోంది. నన్ను చూసి నవ్వింది. ఆమె వేళ్లు చూశాను. తెల్లగా నాని, ముడతలు పడి ఉన్నాయి. పొద్దంతా నీళ్లలో పెడితే ఎలా అవుతాయో అలా. ఇంట్లో తడి బట్ట ఒక్కటీ లేదు. నల్లా రెండు రోజులుగా రావడం లేదు.

"రాత్రి కలల మస్తు బట్టలు ఉతికిన బిడ్డా" అంది. "నా బండ మీదనే. ఎంత సల్లగ ఉండెనో. మంచిగనే ఉన్నది గని, మస్తు చీకటి రా ఆడ."

ఆమె వేళ్ల మీది నుంచి చూపు తిప్పుకున్నాను.

"నువ్వు పిలిచినవ్ గద, అత్తా అని. ఏందో చెప్తవని చూసిన. ఏం చెప్పకపోతివి." నూనె రాయడం ఆపి నా మొహంలోకి చూసింది. "బండ ఏడ పెట్టినవ్ రా?"

కోపంగా అడగలేదు. జ్వరమొచ్చిన పిల్లాణ్ణి ఎక్కడ నొస్తోందని అడిగినట్టు అడిగింది. ఆమె కాళ్ల మీద పడి ఉంటే అయిపోయేది. తిట్టేది, ఏడ్చేది, చివరికి నాకు ఇంత అన్నం పెట్టేది. అలాంటి మనిషే.

"షెడ్డు ఎనక అత్తా" అన్నాను.

అత్త నూనె సీసా దగ్గరికి లాక్కుంది. "అట్లనే కానీ బిడ్డా" అంది. మళ్లీ నూనె రాసుకుంది. ఆ తర్వాత ఏ అంగడి రోజూ రాలేదు. బండ మాట ఎత్తలేదు. ఎత్తకుండానే, తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు పోయింది.

నాకు తెలుసు, మీరు ఏమంటారో. పైపులో గాలి చిక్కితే అలాగే కొడుతుందని నా ఎలక్ట్రీషియన్ దోస్తు అన్నాడు. మోటారు ఆగాక కూడా కొడుతుందట. కావచ్చు. మల్లేశం ఉండేది అత్త గల్లీలోనే, వాడే ఆమెకు చెప్పి ఉంటాడని నేనే అనుకున్నాను. వాణ్ణి అడిగితే పిల్లల మీద ఒట్టేశాడు, చెప్పలేదని. వేళ్లంటారా, ఏ పొరుగింట్లోనో నీళ్ల పని చేసి వచ్చిందేమో. సరే, అన్నీ ఒప్పుకుంటాను. కానీ నేను పిలిచినట్టు ఆమెకెలా తెలుసు? ఇప్పటికీ నాకు అంతు చిక్కలేదు.

మొన్న మాఘమాసంలో ఆ హాల్లోనే ఒక పెళ్లికి పోవాల్సి వచ్చింది. తప్పని చుట్టరికం. మూల స్తంభానికి బంతిపూలు చుట్టారు, రంగు లైట్లు వేశారు. అద్దాల అవతల చెరువు నీళ్లు. భోజనానికి కూర్చోకుండా, గ్లాసుతో నీళ్లు పట్టుకుని స్తంభం దగ్గరికి పోయాను. మొదట్లో కొంచెం పోసి, ఆ తడి కళ్లకు అద్దుకున్నాను.

వడ్డించే ఆమె పరుగున వచ్చింది. "జర చూస్కోండ్రి అన్నా, నీళ్లు ఒలుకుతున్నయ్, ఎవలన్న జారి పడ్తరు" అని బట్టతో తుడిచేసింది.

ఆమె అటు పోయాక స్తంభానికి ఆనుకుని చెప్పాను. "అత్తా... బండ గిక్కడనే ఉన్నది. గుర్తు తుడిచింది నేనే. నేనే ఏయించిన." అప్పుడే తాళి కడుతున్నట్టున్నారు, ఒక్కసారిగా బాజాలు మోగాయి. నా మాట నాకే వినబడలేదు.

కింద చప్పుడు ఉందో, లేక ఆగి వింటోందో... ఆ బాజాల్లో ఎలా తెలుస్తుంది? హాలు ఖాళీ అయ్యేదాకా ఆగితే తెలిసేదేమో. నేను ఆగలేదు.