బ్లేడుతో గీకిన మాట

కార్తీక మాసం, ఆదివారం, ఉదయం పది గంటలు. విజయనగరంలో మా ఇల్లు. హాజరైనవారు: నేను, మా చెల్లెలి మనవరాలు శ్రావ్య.

అలమారా పై అరలోని బిస్కెట్ల డబ్బా దించి మూత తీయగానే ఇనుమూ పాత దుమ్మూ కలిసిన వాసన గుప్పుమంది. లోపల, ఆఫీసులో పనికిరాదని పారేస్తే తెచ్చుకున్న, ఇటుకంత బరువున్న పాత హార్డ్ డిస్కు ఉంది. దాని మీది చీటీ సగం గీకేసి ఉంది. గీకింది నేనే. ఆ వాసన తగిలితే చాలు, మా పాత అధికారి అప్పలనరసయ్య గారు పక్కన నిలబడినట్టే ఉంటుంది.

డబ్బా దించడానికి కారణం శ్రావ్య అడిగిన ప్రశ్న. ఆమె విశాఖలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తుంది. ఐదుగురి జట్టుకు పెద్ద. రెండు యంత్రాల్లో ఒకటి చెప్పేది, ఇంకొకటి వినేది అయితే చెప్పేదాన్ని మాస్టర్ అనీ, వినేదాన్ని స్లేవ్ అనీ, అంటే యజమాని, బానిస అనీ రాయడం కంప్యూటర్లలో పాత అలవాటు. ఆ మాటలు తీసేయాలా, ఉంచాలా అని వాళ్ళలో వారం రోజులుగా వాదన. మర్నాడు ఉదయానికి ఆమె తేల్చాలి. "మీ రోజుల్లో ఎవరికీ తప్పనిపించలేదేటి తాతా?" అంది.

శ్రీకాకుళంలో ఒక ప్రభుత్వ కార్యాలయపు కంప్యూటర్ విభాగంలో నేను చేరేనాటికి అప్పలనరసయ్య గారే మా అధికారి. పాతపట్నం దగ్గరి పల్లె ఆయనది. తండ్రి ఒక షావుకారింట్లో కంబారి, అంటే ఏడాదికింతని కుదిరిన పాలేరు. ఆ మాట ఆయన దాచేవారు కాదు. "మా అయ్యకి పేరున్నాదని ఊల్లో సగం మందికి తెల్దోయ్. షావుకారి కంబారి అంటే పలికీవోడు" అని టీ తాగుతూ చెప్పేవారు. అందుకేనేమో, మా గదిలో ప్రతి యంత్రానికీ ఒక ఊరి పేరు పెట్టి చీటీ అంటించేవారు. ఎక్కువ బరువు మోసేది సాలూరు, అది లారీల ఊరు కనుక. తీగలన్నీ వచ్చి కలిసేది, రైలు జంక్షన్‌లాగే, నౌపడ. "సాలూరు ఆగిపోయింది సార్" అంటే, "లారీలు దిగనేదేటి?" అని నవ్వేవారు.

డైరీ నాకు చిన్ననాటి అలవాటే. అందులో 'తెలియదు' అని రాయడం మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఒకసారి యంత్రం ఎందుకు పాడయిందో ఊహించి రిజిస్టరులో రాశాను. ఆయన చదివి, "నువ్ సూసినావా? సూడకపోతే తెల్దని రాయి. తెల్దంటే పరువేటీ పోదు" అన్నారు.

ఆ రోజుల్లో ఒకే తీగకు రెండు హార్డ్ డిస్కులు తగిలిస్తే ఒకటి మాస్టర్, రెండోది స్లేవ్. చీటీల మీద ఊరి పేరు కింద ఆ మాట కూడా నేనే రాసేవాణ్ణి. ఒకనాడు మరమ్మతుకు వచ్చిన ఇంజనీరు అందరి ముందూ, "ఇందులో బానిస ఎవరండీ?" అని పరిహాసమాడాడు. అందరం నవ్వాం. అప్పలనరసయ్య గారు నవ్వలేదు. స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టి బయటకు వెళ్ళిపోయారు.

ఆ ఆదివారం నేనొక్కణ్ణే ఆఫీసుకు వెళ్ళి, చీటీల మీదా రిజిస్టరులోనూ స్లేవ్ అన్న మాట కనిపించిన చోటల్లా బ్లేడుతో గీకేశాను. మంచి పని చేశాననే అనుకున్నాను. సోమవారం ఆయన రిజిస్టరు తెరిచారు.

"ఎవుడు గీకీసినాడు?"

"నేనే సార్. మీకు బాధగా ఉంటుందని."

"నాకు బాదని నీకెవుడు సెప్పినాడు? నన్నడిగినావేటి?"

ఆయన గీకిన చోట వేలుతో తడుముతూ ఉండిపోయారు. "మా అయ్య గురించి ఎవుడో ఒకడు తేల్చీడమే గానీ, అయ్యనెవుడూ అడగనేదు. ఇప్పుడు నన్నూ అంతే" అన్నారు.

ఆ రోజు డైరీలో ఇలా ఉంది: 'సార్‌కు కోపం. కారణం తెలియదు.' అయితే ఆ తర్వాత కొత్త యంత్రాలు వచ్చినప్పుడు ఆయనే స్వయంగా చీటీలు రాశారు. ఊరి పేర్లు రాశారు. ఆ మాట రాయలేదు. మరి నా మీద కోపమెందుకు? మాట వద్దనుకున్నారా, ఉండాలనుకున్నారా? రిటైరయ్యేదాకా ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఇప్పుడు అడుగుదామన్నా ఆయన లేరు.

ఇదంతా విని శ్రావ్య, "అయితే తియ్యమంటావా, వద్దంటావా?" అంది.

"తెలీదమ్మా. అసలు ఈ మాట వల్ల ఎవరికి కష్టం?"

"మా జట్టులో ప్రసాద్ ఉన్నాడు. వాళ్ళ తాత మీ సార్ నాన్నగారిలాగే. అతని కోసమే కదా మా గోలంతా."

"అతనేమన్నాడు?"

ఆమె ల్యాప్‌టాప్ మూసి, తెరిచింది. "ఎలా అడుగుతాం తాతా? బాధపడతాడు కదా."

నేను డిస్కు ఆమె చేతిలో పెట్టాను. బరువుకు ఆమె చెయ్యి కొంచెం కిందికి వంగింది.

మర్నాడు ఉదయం ఆమె వరండాలో ప్రసాద్‌తో ఫోన్ మాట్లాడింది. నాకు ఇటువైపు మాటలే వినిపించాయి: "లేదు... నేనలా అనుకోలేదు... సరే." తర్వాత వంటింట్లోకి వచ్చి మంచినీళ్ళు తాగింది.

"ఏమన్నాడు?"

"తీసెయ్యాలన్నాడు. కానీ తనే తీస్తాడంట. ఇంకెవరూ ముట్టుకోవద్దన్నాడు. వారం నుంచీ ఎవరైనా అడుగుతారేమోనని చూస్తన్నాడంట తాతా."

డైరీ తీశాను. ఆ ఆదివారం నేనే గీకెయ్యకుండా, సోమవారం బ్లేడు సార్ చేతికిచ్చి ఉంటే ఆయన గీకేవారా, లేక బ్లేడు నాకే తిరిగిచ్చేవారా అని చాలాసేపు ఆలోచించాను. 'తెలియదు' అని రాసి, తేదీ వేశాను.