డ్రైవర్ లేని బండికి పెట్టిన బొట్టు

రేణిగుంటలో ఒక గోడౌన్‌లో నేను ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాణ్ణి. ఒక రోజు డ్రైవర్ అక్కర్లేని బండ్లు ఆరు వచ్చాయి. సరుకు మోసుకుని వాటంతట అవే తిరుగుతాయట. వైర్‌లెస్‌లో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయట; ఒకటి చూసింది మిగతా ఐదింటికీ తెలిసిపోతుందట. మా ఇంట్లో ఉండేది నలుగురం, ఒకరు చెప్పింది ఇంకొకరి చెవికెక్కదు. ఈ బండ్లు సరిగ్గా నడిస్తే నా సీటుకు నీళ్లొదులుకోవాల్సిందే.

అయినా పూజ లేకుండా కొత్త బండి కదలడం నేను చూడలేను. మేనేజరు వచ్చేలోగా అన్నింటికంటే ముందున్న బండికి పసుపు రాసి, దండ వేసి, టెంకాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. బొట్టుకు చోటు వెతికితే ముందువైపు గుండ్రటి నల్లటి అద్దం కనిపించింది. నుదురంటే ఇదేలే అనుకుని గంధం దట్టంగా పూసి, మీద రూపాయి బిళ్లంత కుంకుమ అద్దాను.

మేనేజరు రాగానే, బండ్లను నడిపి చూపించడానికి చిత్తూరు నుంచి వచ్చిన ఇంజినీరమ్మ బటన్ నొక్కింది. బండి కదల్లేదు. వెనకున్న ఐదూ కదల్లేదు. నిమ్మకాయలు తీసేశాను. ఊహూఁ.

ఆమె ల్యాప్‌టాప్ చూసింది. "ముందర గోడ ఉండాదంటోంది సార్. అది చెప్పిందని మిగతావి కూడా నిలబడిపోయినాయి."

గోడ లేదు. ఎందుకైనా మంచిదని నేను పక్కకు జరిగాను.

మేనేజరు నావైపు తిరిగాడు. "ఏమప్పా, సీటు పోతాదని నువ్వేమన్నా చేసినావా?"

నాకు ఒళ్లు మండిపోయింది. "పొద్దున్నుంచి పస్తుండి పూజ చేసినాను సార్! చెడగొట్టేవాడు టెంకాయ కొడతాడా?"

ఇంజినీరమ్మ వంగి చూసి, నవ్వాపుకోలేక కింద కూర్చుండిపోయింది. "అన్నా, బొట్టు దాని కంట్లో పెట్టినావు కదన్నా!"

పెట్టిన బొట్టు తుడవడానికి చేతులు రాలేదు. లెంపలేసుకుని, కళ్లు మూసుకుని, చొక్కా అంచుతో తుడిచాను. ఆరు బండ్లూ ఒక్కసారే బయలుదేరాయి. నా పొట్ట కొట్టే బండ్లు అంత ముచ్చటగా పోతుంటే మొదట చప్పట్లు కొట్టింది నేనే. ఆ తర్వాతే ఏడుపొచ్చింది.

మేనేజరు భుజం తట్టాడు. "ఇవి యాడ ఆగిపోతే ఆడికి పోయి సూసేదానికి ఒక మనిషి కావల్ల. నువ్వే ఉండు. వచ్చే వారం ఇంకా నాలుగు బండ్లు వస్తాయి, పూజ కూడా నువ్వే చెయ్యి. బొట్టు మాత్రం ఎనక పెట్టు."

బొట్టు వెనక పెడతారా ఎవరైనా! మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఉద్యోగం ఉందన్నాడు కదా, మింగేశాను.

"అట్లే సార్," అన్నాను.