కొసలో వెలుగు

ఐస్‌క్రీమ్ కోన్ చుట్టగానే ఆమె దాన్ని కుడి కంటికి ఆనించుకుంటుంది. ఎడమ కన్ను మూసి, మూతిలోంచి కొసదాకా, కిటికీ వైపు చూస్తుంది. కొసలో వెలుగు కనిపిస్తే చిల్లున్నట్టే, ఆ కోన్ ముక్కల డబ్బాలోకి పోతుంది. చీకటిగా ఉంటే దొంతరలోకి.

ఈ అలవాటు నాయనమ్మది. తాత బండి మీద ఐస్‌క్రీమ్‌ను గాజు గిన్నెల్లో అమ్మేవాడట. ఒకరు నాకి ఇచ్చిన గిన్నెను బకెట్టులో ముంచి ఇంకొకరి చేతిలో పెట్టేవాడు. ఊరంతా జ్వరాలతో మూలిగిన ఏడు, గిన్నెలు వాడకూడదని ఉత్తర్వు వచ్చింది. తాత తల పట్టుకు కూర్చున్నాడు. నాయనమ్మ పెనం మీంచి పల్చటి పిండి రేకు ఒలిచి, వేడి మీదే చుట్టి, కొసను బొటనవేలితో నొక్కింది. "ఇది కడగక్కర్లేదు. తినెయ్యడమే" అంది. దుకాణం బోర్డు మీద తాత బొమ్మ ఉంది. నాయనమ్మ బొటనవేలు బోర్డుకెక్కలేదు. వెనకగదిలోనే ఉండిపోయి, చివరికి ఈమె చేతికి వచ్చింది.

ముందు గల్లా దగ్గర తమ్ముడు. పక్కన ఐస్‌క్రీమ్ తీసి పెట్టేది మరదలు. ఇంట్లో ఆమె పడుకునేది తమ్ముడి కూతురి గదిలో, ఓ పక్కన. ఆమెదంటూ ఉన్నది ఈ వెనకగది ఒక్కటే.

ఈమధ్య ముక్కల డబ్బా నిండటం లేదు.

"ఐస్‌క్రీమ్ పైన చల్లడానికి కోన్ల పొడి లేదు వదినా. ఒక్కటైనా పాడవ్వట్లేదా?" అంది మరదలు.

"చెయ్యి తిరిగింది" అంది ఆమె. ఆ మాట అన్నందుకు రోజంతా హాయిగా ఉంది.

తర్వాత కోన్లు కొన్నవాళ్ళ చొక్కాలు తడవడం మొదలైంది. ఒకాయన మోచేతిదాకా కారిన చేత్తో వచ్చి గల్లా ముందు నిలబడ్డాడు. "ఏమయ్యా, నువ్వమ్మింది కోనా, కొళాయా?"

వరసలో వాళ్ళు నవ్వారు. తమ్ముడు ఇంకోటి ఇచ్చాడు. అదీ కారింది. తర్వాత తమ్ముడు వెనకగది గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా నిలబడ్డాడు.

"అక్కా, రేపు పొద్దున ఫ్యాక్టరీ కోన్ల అతన్ని రమ్మన్నాను."

"ఎందుకూ?"

"ఊరికే. చూద్దామని."

ఊరికే ఎవరూ ఎవర్నీ రమ్మనరు. తమ్ముడు వెళ్ళాక ఆమె దొంతరలోంచి ఓ కోన్ తీసి కంటికి పెట్టుకుంది. చీకటి. కొళాయి కింద పట్టింది. కొసలోంచి నీళ్ళు బొట్టుబొట్టుగా కారాయి. ఇంకోటి తీసి, ఈసారి కుడి కన్ను అరచేత్తో మూసి, ఎడమ కంటితో చూసింది. సూదిమొనంత వెలుగు. కన్ను మార్చింది. చీకటి. మళ్ళీ మార్చింది. వెలుగు.

పనితనం పెరిగిందనుకున్నది ఇదీ.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె కాలు కాలిన పిల్లిలా తిరిగింది. కిటికీ తీసింది, వేసింది. మడతపెట్టిన బట్టలు విప్పి మళ్ళీ మడిచింది. చెబితే, ఇక విశ్రాంతి తీసుకో అక్కా అంటారు, ప్రేమగానే. చెప్పకపోతే ఫ్యాక్టరీ పెట్టెలు వస్తాయి. ఎటు చూసినా వెనకగది తలుపు మూసుకుంటోంది.

"కంట్లో ఏమైనా పడిందా అత్తా?" అంది తమ్ముడి కూతురు.

"ఏం పడలేదే. ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. రుద్దుకుంటున్నావుగా."

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది. ఆమె చెయ్యి దించేసింది. కాసేపటికి అది మళ్ళీ కంటి మీదికే పోయింది.

మర్నాడు పొద్దున ఆమె అందరికంటే ముందే దుకాణానికి వచ్చింది. పొయ్యికి ఇటున్న పీటను, కిటికీ ఎడమ కంటికి ఎదురుపడేలా అటు జరిపింది. పెనం వేడెక్కుతుండగా తమ్ముడు, మరదలు వచ్చారు. వెనకే ఫ్యాక్టరీ అతను, చంకలో పెట్టెలతో.

ఆమె గుమ్మం దాకా వచ్చి ఆ ముగ్గురి ముందే చెప్పింది. "నా కుడి కన్ను ఆనట్లేదురా. కారేవన్నీ అందుకే. ఎడమ కంటితో చూడ్డం ఇవాళ మొదలుపెడుతున్నా."

తమ్ముడు ఆమె రెండు కళ్ళలోకీ మార్చి మార్చి చూశాడు. "సాయంత్రం డాక్టరు దగ్గరికెళ్దాం. మరి ఇతన్నేం చెయ్యమంటావు?"

"ఒక పెట్టె తీసుకో. ఇవాళ నావి సగమే మంచివి వస్తాయి."

"మిగతావి?"

"మీ ఆవిడకి పొడి కావాలిగా."

మరదలు నవ్వాపుకుంటూ పెట్టె అందుకుంది.

ఆమె లోపలికెళ్ళి పిండి పోసింది. రేకు ఒలిచి చుట్టింది. కుడి కన్ను మూయబోతే ఎడమదీ మూసుకుపోయింది, దానికి ఒంటరిగా ఉండటం అలవాటు లేదు. పిండి చేత్తోనే కుడి కన్ను కప్పుకుని, కోన్ ఎత్తి కిటికీ వైపు చూసింది. ఈలోగా పెనం మీద రెండో రేకు మాడుతున్న వాసన వచ్చింది. అయినా తొందరపడలేదు.

కొసలో వెలుగుంది. కోన్‌ను ముక్కల డబ్బాలో పడేసి, మాడిన రేకు గీకడం మొదలుపెట్టింది.