ఆమోసు కోసం ఉపవాసం

ఆదివారం సాయంత్రం నాలుగూ ఇరవైకి అమ్మ చెయ్యెత్తింది. ఆ రోజుల్లో మా తెలుగు చర్చికి సొంత గుడి లేదు. మిషిగన్‌లోని నోవై ఊళ్లో ఒక అమెరికన్ చర్చివాళ్ల హాలు అద్దెకు తీసుకుని, వాళ్లు ఖాళీ చేశాక మేం చేరేవాళ్లం. ప్రార్థన విన్నపాలప్పుడు ఎవరో ఒకరు చెయ్యెత్తడం మామూలే. ఒకరికి వీసా స్టాంపింగ్, ఒకరికి లేఆఫ్, ఒకరికి మోకాలు. అమ్మ లేచి, "ఆమోసు అనే సహోదరుడు మంచులో చిక్కుకున్నాడండి. తమ్ముణ్ణి వెతుక్కుంటా కొండల్లోకి వెళ్లాడు. రెండు రోజుల్నించి తిండి లేదు," అని కూర్చుంది. నేను నేలవైపు చూశాను. ఆమోసు మా ఇంగ్లీష్ ఆనర్స్ క్లాసులో చదువుతున్న నవల్లో గొర్రెల కాపరి.

నేనప్పుడు లెవెన్త్ గ్రేడ్. ఆ ఏడాదంతా అమెరికన్ సాహిత్యం. చదివిన అధ్యాయం రోజూ వంటింట్లో నిలబడి అమ్మకు తెలుగులో చెప్పేదాన్ని (అలా చెబితే నాకు అర్థమయ్యేది, అమ్మకు పప్పు మాడేది). కాపరి పేరు ఏమస్ అనగానే, "ఆమోసా? బైబిల్లోనూ ఆయన కాపరేగా," అని అతన్ని మనవాళ్లలో కలిపేసుకుంది.

ప్రార్థన అయ్యాక ట్రక్ అంకుల్ (చర్చి మొత్తానికి పికప్ ట్రక్కు ఆయన ఒక్కడికే ఉండేది) వచ్చి, "ఏ హైవే మీదక్కా? టైర్ చైన్లు నా దగ్గరున్నాయి," అన్నాడు.

"అక్కడ హైవే లేదు తమ్ముడూ," అంది అమ్మ. అది నిజమే.

"ఫోన్ సిగ్నల్?"

"అదీ లేదు."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. పాస్టరుగారు బుధవారం దాకా ఉపవాస ప్రార్థన ప్రకటించారు. కారెక్కాక, "అది నవల కదమ్మా," అన్నాను.

"నాకు తెలీదా?"

"మరి వాళ్లకి చెప్పవేం?"

"చెబితే మనసు పెట్టి చేస్తారా?"

నా కష్టం వేరే ఉంది. మర్నాడే ఆ నవల ముగింపు మీద క్లాసులో వ్యాసం రాయాలి. అంతకుముందు రాసినవాటికి మార్కులు బాగా తగ్గాయి. ఈసారి బి గ్రేడు రాకపోతే మామూలు ఇంగ్లీష్ క్లాసుకు మార్చేస్తానని టీచర్ చెప్పేసింది. చివరి అధ్యాయం ఇంకా చదవలేదు. ఇంటికొచ్చి పుస్తకం తెరిస్తే నా చేతిలోంచి అమ్మ లాక్కుంది.

"అంతమంది ఉపవాసం ఉంటే నువ్వు ముందే ఫలితం చూసేస్తావా? బుధవారం దాకా ఆగు."

"రేపు టెస్టమ్మా."

"బతికే ఉంటాడని రాయి."

(నెట్‌లో చూడొచ్చుగా అంటారు. చూడొచ్చు. కానీ అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. పక్కగదిలో కూర్చుని ఆమోసు చావును ఫోన్‌లో వెతకడానికి నాకు చేతులు రాలేదు.)

అలాగే రాశాను. అతని మొండితనం గురించి, అతని కుక్క గురించి, అతనికి మంచు ఎంత తెలుసో దాని గురించి పేజీలు నింపాను. మిషిగన్‌లో కొన్ని కుటుంబాలు పస్తులున్న సంగతి ఒక్కటే రాయలేదు.

బుధవారం పుస్తకం చేతికొచ్చింది. చివరి అధ్యాయం మొదటి వాక్యంలోనే ఆమోసు చచ్చిపోయాడు. అమ్మకు చెప్పాను. గిన్నె తోముతూ, "ఈ పుస్తకం ఎప్పుడు రాశారు?" అంది.

"వందేళ్లు దాటింది."

గిన్నె బోర్లించింది. "అయితే మనం ఆలస్యంగా మొదలుపెట్టాం."

వ్యాసానికి బి వచ్చింది. జరగనిదాన్ని ఇంత నమ్మకంగా వాదించినవాళ్లను తను చూడలేదని టీచర్ కింద రాసింది. ఆనర్స్‌లో ఉండిపోయాను. ఆదివారం అమ్మ లేచి, ఆమోసు ప్రభువునందు నిద్రించాడని చెప్పింది. ఆ వారమంతా మా ఇంటికి అల్యూమినియం ట్రేలలో చికెన్ బిర్యానీ వచ్చింది. "తమ్ముడైనా దొరికాడా అక్కా?" అని ట్రక్ అంకుల్ అడిగాడు. "దొరికాడు," అంది అమ్మ. అదీ నిజమే.

అమ్మ కిందటి చలికాలం పోయింది. నేను నవలలు చదువుతూనే ఉన్నాను. ఫోన్ పక్కన పెట్టేసి, తెలియని ముగింపు మీద పరీక్ష రాయడానికి వెళ్లిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. దాని మీద కొంచెం ఇష్టం కూడా కలుగుతుంది. మా ఇంట్లో ఇప్పుడు పుస్తకాల్లోని మనుషుల కోసం ఎవరూ ప్రార్థన చేయరు.