రైతును తీసుకురమ్మన్నారు

పోయిన గురువారం ఉదయం మా మేనత్త చనిపోయింది. నందిగామ ఆసుపత్రికి చేరేలోపే గుండె ఆగిపోయిందని మామయ్య ఫోన్‌లో చెప్పాడు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఎందుకో చెబుతాను.

వత్సవాయి దగ్గర వాళ్లది మెట్ట పొలం. చుట్టూ అందరూ పత్తే వేస్తారు. వరసగా పత్తి దెబ్బతిన్నాక మామయ్య చేను వదిలేసి ట్రాక్టర్ డ్రైవర్‌గా చేరాడు. అత్తయ్య రాతి స్తంభాలు పాతించి, తీగలు లాగించి, కాకర పందిరి వేసింది. ఊరు నవ్వింది. "పత్తి ఏడాదికోసారి అమ్ముతాం. కూర జనం రోజూ తింటారు కదరా," అంది నాతో. తెల్లవారగానే కాయ కోయించి, ఆటోలో వేసుకుని జగ్గయ్యపేట మార్కెట్‌కి తనే వెళ్లేది. రెండేళ్లు తిరిగేసరికి నవ్వినవాళ్ల చేలల్లోనూ పందిళ్లు లేచాయి. ఏ తెగులుకి ఏ మందో వాళ్లంతా అత్తయ్యనే అడిగేవారు.

నిరుడు తీగ పందిరంతా అల్లుకుంది. విరగబూసింది. అన్నీ మగపూలే, ఒక్క పిందె లేదు. విత్తనం మంచిది కాదు. ఓ తీగ పీకి సంచిలో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని విత్తనాల కొట్టుకి వెళితే, "నీళ్లెక్కువ పెట్టుంటారమ్మా," అన్నాడు కొట్టాయన. అక్కడి నుంచి వ్యవసాయ శాఖ ఆఫీసుకి వెళ్లాం. అధికారి తీగ వైపు చూడనైనా చూడలేదు.

"పొలం ఎవరి పేరు మీదుందమ్మా?"

"మా ఆయన పేరు మీదండి."

"అయితే రైతును తీసుకురండి."

"రైతునే వచ్చానండి," అంది అత్తయ్య.

ఆయన నవ్వాడు. పక్కనే ఉన్న నేను నోరు మెదపలేదు. ఆ కోపం నా మీద నాకింకా ఉంది.

మర్నాడు మామయ్యను తీసుకెళ్లాం. ఏ రకం విత్తనం, ఎప్పుడు నాటారు అని అడిగితే ఆయన అత్తయ్య ముఖం చూశాడు. ఆవిడ చెబుతుంటే అధికారి మామయ్య పేరుతో రాసుకున్నాడు. వచ్చి చూస్తామన్నారు. తీగ ఎండి రాలిపోయినా ఎవరూ రాలేదు. అత్తయ్య అదంతా లాగి పారేసి, పక్క పొలం చెక్కలో బెండ వేసింది. "మన బాధలు చెబితే మొక్క కాస్తుందా?" అంది.

మొన్న మరణం నమోదు చేయించడానికి పంచాయతీ ఆఫీసుకి నేనే వెళ్లాను. గుమాస్తా వృత్తి గడిలో 'గృహిణి' అని రాశాడు.

"రైతు అని రాయండి."

"ఆవిడ పేరున భూమి లేదు కదండి," అన్నాడు తలెత్తకుండా.

ఈసారి అరిచాను. బెంచీల మీద జనమంతా తిరిగి చూశారు. కాగితం మాత్రం మారలేదు.

అటునుంచి అటే చేలోకి వెళ్లాను. అత్తయ్య దగ్గర కూలికి వచ్చే ఆడవాళ్లు నలుగురు, ఎవరూ పిలవకుండానే వచ్చి, ఈ ఏడు మళ్లీ వేసిన బెండ కోస్తున్నారు. "రోజు మార్చి రోజు కోయకపోతే ముదిరిపోయి కాపాగిపోద్ది బాబూ," అంటూ ఒకామె నా చేతిలో జత సాక్సులు పెట్టింది. అత్తయ్యవి. బెండ నూగు గుచ్చుకోకుండా చేతులకు తొడుక్కునేదట. వేళ్లు బయటికొచ్చేలా చివర్లు కత్తిరించి ఉన్నాయి.

తొడుక్కుని ఓ సాలులోకి దిగాను. లోపల అంటుకున్న పాత నూగు అరచేతుల్లో గుచ్చుకుంటోంది.