బొట్టు పెట్టిన ఏడు సెల్లులు

బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస అమావాస్యకు ముందటి శుక్రవారం, ఉదయం తొమ్మిదీ ఇరవైకి, ఇంట్లో పాడైపోయిన సెల్‌ఫోన్లను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఏడు తేలాయి. నారాయణఖేడ్‌లో మా ఇంట్లో ఉండేది ఇద్దరమే, నేనూ మా అక్కా. ఇద్దరు ముసలివాళ్లకు ఏడు చచ్చిన సెల్లులు ఎందుకంటే, ఏ వస్తువునైనా ఎక్కడ పారేయాలో తేలేదాకా పారేయకూడదన్నది నా పద్ధతి. పదకొండేళ్లుగా తేల్చలేదు, అంతే.

మా వీధికి వారానికోసారి మోపెడ్ మీద ఒకాయన వస్తాడు. పాత సెల్లులు తీసుకొని ప్లాస్టిక్ టబ్బులు ఇస్తాడు. అక్కకు అతని బండి మీది ఎర్ర టబ్బు మీద మనసుపడింది.

"ఏడింటికి రెండు టబ్బులిస్తడట. ఇచ్చెయ్యరాదే చెల్లె," అంది.

"తీస్కపోయి ఏం చేస్తరో ఎర్కనా? బ్యాటరీలు పలగ్గొట్టి కాలవెడ్తరు. ఆ పొగ మనకే, ఆ విషం మన నీళ్లకే."

"పొగ ఎప్పుడొస్తదో ఏమో. టబ్బయితే ఇప్పుడే వస్తది."

ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, ఈ వాదనకు లొంగుతానా? బస్టాండు దగ్గర సెల్లులు బాగుచేసే దుకాణానికి వెళ్లి విచారించాను. అక్కడ పాతవి పోగేసి, హైదరాబాదులో వాటిని పద్ధతిగా విడగొట్టే కంపెనీకి పంపుతారట. దసరా మర్నాడే బండి పోతుందట.

ఇంట్లో పనిచేసే సెల్లులు రెండు. ఒకటి నాది, ఎప్పుడూ నా చేతిసంచిలోనే ఉంటుంది. రెండోది అక్కది, బటన్లది. దాంట్లో ఆమె ఎవరితోనూ మాట్లాడదు. దాంట్లో పద్దెనిమిది బతుకమ్మ పాటలున్నాయి. కర్ణాటక సరిహద్దున నాగల్‌గిద్దలో మా అమ్మ పాడినవి, కొన్నిట్లో సగం కన్నడమే. అక్క ఒక్కో చరణం మరిచిపోతోందని గమనించి, మూడేళ్ల కింద నేనే పక్కన కూర్చుని పాడించి, రికార్డు చేశాను. నాకు పాటలు రావు. వాటికి నంబర్లు వేయడం వచ్చు. ఇంకో చోట కూడా దాచుకోమని అప్పుడెవరో అన్నారు. ఒక్క వస్తువుకు రెండు లెక్కలెందుకని నేనే ఒప్పుకోలేదు.

పొరపాటున ఆ సెల్లు వీటిలో కలవకూడదని ఒక ఉపాయం చేశాను. చచ్చిన ఏడింటికీ పసుపు బొట్టు పెట్టి, చేటలో పేర్చి, దేవుడి గదిలో గూట్లో ఉంచాను. బొట్టు పెట్టిన వస్తువును మా ఇంట్లో ఎవరూ కదపరు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తర్వాత దసరా వచ్చింది. అది ప్రతి ఏడూ వస్తుందని నాకు తెలియనిది కాదు. ఆ పొద్దున అక్క ఎప్పటిలాగే కొడవలి, కత్తిపీట, కుట్టుమిషను, మిక్సీ, టీవీ రిమోటు అన్నిటికీ బొట్లు పెట్టి మొక్కింది. గూట్లోని చేటను కూడా దించింది.

"అవి చచ్చినయి గదా అక్కా, వాటికెందుకు?"

"పనిచేసి చేసి చచ్చినయి. బతికున్నవాటికేనా పూజ?"

నేను నవ్వి, జమ్మి చెట్టు దగ్గరికి బయల్దేరాను. నా వెనక ఆమె తన పాటల సెల్లుకూ బొట్టు పెట్టి, చేటలో వాటి పక్కనే ఉంచింది. చచ్చినవాటిలో ఒకటి పూజ పీట కిందికి జారింది. ఈ రెండు సంగతులూ నాకు తర్వాత తెలిశాయి.

మర్నాడు పది గంటలకు చేట అందుకున్నాను. అన్నిటికీ బొట్లున్నాయి. లెక్కపెట్టాను, ఏడు. సరిపోయింది. సంచిలో పోసుకున్నాను. జవాబు కుదిరినంత మాత్రాన మార్కులు వేయనని ముప్పై ఏళ్లు పిల్లల్ని సతాయించిన మనిషిని నేనే.

దుకాణంలో ఆయన ఒక్కోదాన్నీ తిప్పి చూశాడు.

"టీచరమ్మా, గీ బటన్ల సెల్లు మంచిగనే ఉన్నట్టుంది. ఓసారి ఆన్ చేసి చూడాల్నా?"

"చచ్చినదాన్ని లేపి ఏం చేస్తవు బిడ్డా?"

"లోపల ఏమన్న ఉంటే మరి..."

"ఏమున్నా ఒక్క ముక్క మిగలొద్దు. పొడి పొడి చెయ్యమను. చేసినట్టు నాకు కాయితం గావాలె. జల్దీ పంపు."

నేను ఆ సెల్లు వైపు చూడలేదు. రసీదులో ఏడు అంకె సరిగా వేశాడా లేదా అని చూస్తున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం అక్క కందులు ఏరడానికి కూర్చుంది. పాటలు వింటూ ఏరడం ఆమెకు అలవాటు.

"నా సెల్లేదే?"

ఇల్లంతా వెతికాం. పీట ఎత్తితే చచ్చిన సెల్లు ఒకటి బయటపడింది, బొట్టుతో సహా. నాకు వెంటనే లెక్క అర్థమైంది. అక్కకు చెప్పాను. ఆమె చాలాసేపు కందులే ఏరింది.

"టబ్బులాయనకిచ్చినా బాగుండు," అంది చివరికి. "వారం వారం వస్తడు. అడిగి తెచ్చుకునేటోళ్లం."

ఆటో ఎక్కి దుకాణానికి పోయాను. ఆయన హైదరాబాదుకు ఫోన్ చేసి, తల అడ్డంగా ఊపాడు. "పొద్దున్నే మిషన్ల పడ్డయంట. మీరే జల్దీ అంటిరి గదా టీచరమ్మా." తర్వాత కాయితం కూడా వచ్చింది, ముద్రతో సహా. ఇన్నేళ్లలో నేను చెప్పిన పని చెప్పినట్టు ఎవరైనా చేశారంటే అదొక్కటే.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం అక్క పాడుతోంది, నేను రికార్డు చేస్తున్నాను. నా సెల్లులో ఒకటి, వేరే మెమరీ కార్డులో ఒకటి. పాట ఎక్కడైనా ఆగితే ఆమె నా ముఖం చూస్తుంది.

"తర్వాత ఏందే?"

"పద్నాలుగోది అక్కా."

"పద్నాలుగోది ఏందే?"

నాకు నంబరు తెలుసు. పాట తెలియదు.

ఎర్ర టబ్బు ఒకటి కొనిచ్చాను. తీసుకుంది. పాటలకు బదులు మాత్రం కాదని చెప్పి మరీ తీసుకుంది.

పద్దెనిమిదిలో పదకొండు పూర్తిగా తిరిగొచ్చాయి. పోయినవి ఇవి: పాటలు ఐదు. ఇంకో రెంటిలో చివరి సగాలు. తొమ్మిదో పాట మధ్యలో అక్క దగ్గు, "చరణం వదిలిపెట్టినవ్" అని నేను అడ్డం పడ్డ మాట, దానికి ఆమె తిట్టిన తిట్టు. మూడేళ్ల కిందటి అక్క గొంతు.